మిషన్ తప్పనుకున్నాను

పుదుచ్చేరి,
ఆదివారం పొద్దున.

అన్నయ్యకి,

తమ్ముడు శీను నమస్కారాలు. ఇంట్లో అంతా కులాసాగా ఉన్నారనుకుంటాను. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? వదిన పంపిన చింతకాయ పచ్చడి అయిపోయింది. ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు. హాస్టల్ సాంబారుతో నోరు చచ్చిపోయింది. ఫోన్లో చెబితే నవ్వేసి మాట మార్చేస్తావని ఉత్తరం రాస్తున్నాను. అమ్మ ముందు చదవకు.

ఆసుపత్రిలో నా పని తెలుసుగా. ఊపిరితిత్తుల్లో ఎంత గాలి పడుతుందో కొలిచే గాజు గది, టెలిఫోన్ బూత్ అంత ఉంటుంది. మనిషిని కూర్చోబెట్టి, తలుపు బిగించి, లోపలి వేడి కుదురుకునేదాకా ఆగాలి. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోటికి గొట్టం అందించాలి. గొట్టంలో మూత పడ్డాక, ఆ మనిషి బుగ్గలు ఉబ్బకుండా రెండు చేతులతో పట్టుకుని, చిన్నగా రొప్పాలి. పెదవి సందులోంచి కాస్త గాలి పోయినా లెక్క చెడుతుంది. తమిళంలో "ఊదుంగ, ఊదుంగ" అని అరిచి అరిచి గొంతు పోతోంది.

వారానికోసారి రోగులు రాకముందు నేనే అందులో కూర్చుంటాను. బీడీ సిగరెట్ లేదు, జబ్బు లేదు, కాబట్టి నా అంకె మారకూడదు. మారితే మిషన్ చెడినట్టు.

ఆర్నెల్లుగా ఆ అంకె తగ్గుతూనే ఉంది. తలుపు రబ్బరు మార్పించాను. ఏసీ కట్టేశాను. కొలత పంపుతో గాలి కొట్టి చూస్తే అంతా సరిగ్గానే ఉంది. అయినా నమ్మలేదు. పుస్తకంలో నా అంకె కొట్టేసి 'మిషన్ తేడా' అని రాస్తూ వచ్చాను. చివరికి ఇంజినీరు వచ్చి, నాతో పనిచేసే సెల్విని కూర్చోబెట్టాడు. ఆమె అంకె ఎప్పటిదే. తర్వాత నన్ను కూర్చోబెట్టాడు. "మిషన్ బాగానే ఉంది సార్," అని నా మొహం చూడకుండా సంచి సర్దుకున్నాడు.

స్కాన్ తీశారు. రాతి దుమ్మట. ఈ పనికి రాకముందు మన ఊరు అడవిపొలంలో, షెడ్డులో నేను గ్రానైట్ కోసింది ఐదేళ్లు. "ఎహె, నీళ్లు పోస్తే కోతకి గీసిన గీత చెరిగిపోద్దిరా. మూతికి తువ్వాలు కట్టుకో, చాల్లే," అనేవాడివి. కొత్తగా వచ్చినవాళ్లకి నేనూ అదే చెప్పాను. నీ మీద కోపం లేదు. లేదంటున్నాను గానీ, మొన్న బాత్రూంలో నిన్ను తిట్టుకుంటూ ఏడ్చాను. పోయిన ఊపిరి తిరిగి రాదట. ఇంకా దుమ్ము తగలకపోతే ఉన్నది కొంత నిలబడొచ్చట. నేను బాగానే ఉన్నాను, మెట్లు ఎక్కగలుగుతున్నాను, కంగారుపడకు.

నావి ఐదేళ్లే అన్నయ్యా, నీవి పద్దెనిమిది. ఈ ఉత్తరం అందిన రోజే కట్టర్ ఆపు. ఎవరి వంటింటి బండలు సగంలో ఉన్నా ఉండనీ. బస్సెక్కి వచ్చెయ్యి. బుగ్గలు ఎలా పట్టుకోవాలో నేనే చూపిస్తాను. వచ్చేటప్పుడు పచ్చడేమీ మోసుకురాకు, బరువు ఎత్తకు.

అమ్మ కాళ్లకి దండం పెట్టానని చెప్పు. వదినని అడిగానను. మీ దీవెనలు నాకు కావాలి.

మొన్న ఫోన్లో "అమ్మకి" అని ఆగి, కాసేపటికి "మందులు తెచ్చాను" అన్నావు. రెండుసార్లు అలాగే మాట తెగింది. నేను "హలో, హలో" అన్నాను. సిగ్నల్ కాదు కదా అన్నయ్యా?

నీ తమ్ముడు,
శీను