తడి లేని ట్రే

జూన్ 1, ఉదయం 7

నిన్న 31. ఇవాళ 1. రెండూ బేసి తేదీలే. అంటే వరసగా రెండు రోజులు పిల్లి దొడ్డికెళ్ళే ఇసుక ట్రే నేనే శుభ్రం చెయ్యాలన్నమాట. సరి తేదీలు తనవి, బేసి తేదీలు నావి అని కాగితం రాసి ఫ్రిజ్‌కి అంటించింది మా తోడికోడలే. ఇవాళ్టికి నువ్వు తియ్యి అక్కా అన్నాను. ఒప్పందం ఒప్పందమేనంది. లెక్కలు రానివాళ్ళతో ఒప్పందమేమిటి నా మొహం అన్నాను. అక్క మిషన్ ముందు కూర్చుని అటు తిరిగి యూనిఫాంలు కుట్టుకుంది. సరే, మాటలు బంద్. నాకేం నష్టం లేదు.

రాత్రి 8

జంతువుల ఆస్పత్రిలో ఫోన్ ఎత్తేది నేను. ఏ కేసు ‘ఇప్పుడే’, ఏది ‘ఇవాళ’, ఏది ‘రేపు’ అని తేల్చేదీ నేనే. ఇవాళ ఇరవై మూడు కాల్స్. చాక్లెట్ తిన్న కుక్క: ఇప్పుడే. పొద్దుట్నుంచి తిండి ముట్టని కుందేలు: ఇప్పుడే. చెవి గోక్కునే కుక్క: రేపు. ఒకాయన మగపిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుంటోందట, చుక్క పడట్లేదట. మలబద్ధకమేమో, రేపు తెస్తానన్నాడు. మూత్రం దారి మూసుకుపోతే రేపటిదాకా ఆగదండీ అని భయపెట్టి రప్పించాను. నేను చెప్పిందే నిజమైంది. ఫోన్‌లోనే రోగం పట్టేస్తావని డాక్టరమ్మ మెచ్చుకుంది. కాదని నేనెందుకు అంటాను?

జూన్ 2

అక్క వంతు. తీసింది. మాట్లాడలేదు. భోజనాల దగ్గర మా ఆయన ఉప్పు గిన్నె ఇద్దరి మధ్యా మోస్తున్నాడు.

జూన్ 3, ఉదయం

నా వంతు. ట్రేలో ఉచ్చకి తడిసి గడ్డకట్టిన ముద్ద ఒక్కటీ లేదు. ఇసుక పొడిగా, సమంగా ఉంది. అంటే అక్క నాకంటే ముందే లేచి తీసేసింది! నన్ను చిన్నబుచ్చడానికే. థాంక్స్ చెప్పే ప్రసక్తే లేదు.

సాయంత్రం 6

మేనేజర్ ట్రేలో కూర్చుని లేవడం లేదు. మేనేజర్ అంటే మా పిల్లి. ఏ పనీ చెయ్యడు, అందరి పనీ తనిఖీ చేస్తాడు. ఇవాళ అక్క పనితనం తనిఖీ చేస్తున్నట్టున్నాడు. నవ్వొచ్చింది. అక్కతో చెప్పాలనిపించింది. చెప్పలేదు.

జూన్ 4, మధ్యాహ్నం 2



పదకొండుకి ఆస్పత్రి ఫోన్ మోగింది. అక్క. ఎవరో తెలియనట్టు, అండీ, మా పిల్లి అరుస్తోందండీ, వాంతి చేసుకుందండీ అంది. నేనూ తగ్గలేదు. ట్రేలోకి ఎన్నిసార్లు వెళ్ళాడండీ అన్నాను. పొద్దుట్నుంచి పదిసార్లంది. మలబద్ధకమేమో, నూనె పట్టిద్దామనుకుంటున్నానంది. ముద్దలేమైనా పడ్డాయా అన్నాను. ట్రే శుభ్రంగానే ఉందండీ, మీరేగా తీసింది అంది.

నేను తీయలేదు.

నిన్నటిది మీరు తీశారుగా అన్నాను. నిన్న నీ వంతే కదే అంది.

రెండు రోజుల నుంచీ ఎవ్వరం తీయలేదు. తీయడానికి అందులో ఏమీ లేదు.

అక్కా, ఇప్పుడే, ఇప్పుడే రా అని అరిచాను. నూనె వద్దు, పొట్ట నొక్కొద్దు, బుట్టలో పెట్టి ఏ బండి దొరికితే అదెక్కు అన్నాను. హాల్లో అందరూ నా వైపు చూశారు.

పావుగంటలో వచ్చింది. కుట్టు బుట్టలో, యూనిఫాం గుడ్డల మధ్య మేనేజర్. చెప్పులు మర్చిపోయింది. డాక్టరమ్మ పొట్ట కింద చెయ్యి పెట్టి, మూత్రసంచి బంతిలా గట్టిపడిందంది. మత్తిచ్చి ట్యూబ్ వేసింది. సాయంత్రం దాకా ఆగుంటే చేతులెత్తేసేదాన్నంది.

ఇరవై మూడు కాల్స్ తేల్చిన మనిషిని. నా ఇంట్లో, నా కళ్ళముందు, ట్రేలో కూర్చున్నవాణ్ణి చూసి నవ్వాను. సిగ్గేస్తోంది. అక్క మాత్రం నన్నేమీ అనలేదు. ఫోన్‌లో నీ గొంతు వినగానే ధైర్యం వచ్చిందే అంది.

జూన్ 5

ట్యూబ్ ఉంది. సెలైన్ ఎక్కుతోంది. కళ్ళు తెరిచి నర్సు పని తనిఖీ చేశాడు. గట్టెక్కుతాడు. ఈ మాట ఊరికే అనడం లేదు, రిపోర్టులు చూసే అంటున్నాను.

జూన్ 6

ట్యూబ్ తీశారు. తనంతట తనే పోశాడు. ఇంటికి తెచ్చాం. ఫ్రిజ్ మీద కాగితం చింపి అక్క కొత్తది అంటించింది: ఎవరు తీసినా, ఎన్ని ముద్దలో రాయాలి.

జూన్ 7, ఉదయం 6

రెండు. పెద్దవి. అక్కని లేపాను. ఇద్దరం ట్రే ముందు గొంతుక్కూర్చుని చూశాం. తీయబుద్ధి కాలేదు.