కొసరు గుప్పెడు

సత్యవతీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన జీడిపప్పు కొట్టు ఇప్పుడు ఆన్‌లైన్లో కూడా ఉంది. పొద్దున్న కోడలు శైలజ, ఈవేళ అత్తమ్మ పేరున అన్నిటికీ డిస్కౌంటు పెట్టమని ఫోన్లో ఏఐకి చెప్పింది. ఎవరూ ముట్టుకోకుండానే ధరలన్నీ తగ్గిపోయాయి. ఎవరు తగ్గించారో నాకు బోధపడలేదు.

"తూకం అయ్యాక మీ అత్త ఏసే కొసరు గుప్పెడో?" అన్నాను.

శైలజ అదీ ఏఐకి చెప్పింది. గుప్పెడంటే ఎన్ని గ్రాములని అది ఎదురడిగింది.

"బేగి సెప్పండి మావయ్యా, అంకె లేకపోతే దానికి తెలీదంట."

ఇన్నేళ్లూ కాటా నేను పట్టాను, కొసరు నువ్వు వేశావు. నీ గుప్పెడు ఎప్పుడూ తూచలేదు. నా గుప్పిటతో పప్పు తీసి కాటాలో పోశాను. అది నీ గుప్పెడు కాదని మాత్రం తెలిసింది.

శైలజ ఇంకా అడుగుతోంది. నీ చెయ్యి ఎంతుండేదో తలుచుకుంటూ మళ్లీ గుప్పిట పట్టాను.