మూడో మెట్టు మీద కూర్చుంటుంది

బావమరిదికి,

నీ ఉత్తరం అందింది. పట్టలేని సంతోషంలో ఉన్నాను కాబట్టి తిట్లు తగ్గించి రాస్తున్నాను.

నీ మేనకోడలికి పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులో స్కౌటింగ్ ఉద్యోగం వచ్చిందంటే, "ఆటలు చూస్తూ తిరగడం కూడా ఉద్యోగమేనా బావా" అని రాశావు. అదే కాగితం చివర, ఆదివారం మీ అబ్బాయి ఆటను కాస్త దయగా చూడమని దానికి చెప్పమన్నావు. సిగ్గు లేదూ నీకు?

స్కౌటింగ్ అంటే ఏమిటో చెబుతాను, విను. మైదానాలన్నీ తిరిగి, ఎవరి కంటా పడని మంచి ఆటగాళ్లను కనిపెట్టడం. నువ్వు కోచ్‌గా ఉన్న జట్టులో ఆడుతూ మోకాలు విరగ్గొట్టుకున్న నా పిల్లను, "కుంటిదానికి ఇక్కడేం పని" అని గెంటేశావు. అది నాలుగేళ్లు మీ మైదానం మెట్ల మీదే కూర్చుని, ఎవడు ఏ కాలితో తంతాడో, ఎవడు బంతి పోగానే నీరుగారిపోతాడో నోటుబుక్కుల నిండా రాసుకుంది. క్లబ్బువాళ్లు ఆ పుస్తకాలు చూశాకే ఉద్యోగమిచ్చారయ్యా, నా బంగారు తల్లికి.

ఆదివారం మీ ఆటగాళ్లను చూడ్డానికి అది వస్తుంది. కుర్చీ వెయ్యకు, కూల్‌డ్రింకు పంపకు. ఎప్పుడూ కూర్చునే మూడో మెట్టు మీదే కూర్చుంటుంది.

నీ కొడుకు సంగతి ఏం చేస్తావని దాన్ని అడిగాను. "మామయ్య మీద కోపం వాడి మీద చూపిస్తానా నాన్నా? బాగా ఆడితే పేరు రాస్తాను" అంది.

దాని బుద్ధి అలాంటిది. నేనైతే పేరు చూడగానే కొట్టేసేవాణ్ణి.

నీ బావ