కనబడని గడి

జంతు లైసెన్సుల విభాగం వారికి,

నమస్కారం.

ఆ రోజు మంగళవారం. పొద్దున్న ఆమె కాఫీ తాగి, చక్కెర ఎక్కువైందని నన్ను తిట్టింది. కిటికీ తెరవమంది. మధ్యాహ్నం నర్సు వచ్చి దిండ్లు సర్దింది. కుక్క మంచం కింద దూరి, ఎంత లాగినా బయటికి రాలేదు. సాయంత్రం ఎండ గోడ మీదికి వచ్చాక, "దొర గిన్నెలో నీళ్ళున్నాయా, చూడండి" అంది. చూసి, నింపి వచ్చేసరికి ఆమె లేదు.

ఇదంతా మీకెందుకు రాస్తున్నానంటే, మీ వెబ్‌సైటు అడిగింది. లైసెన్సు బదిలీ ఫారంలో 'కారణం' అన్నచోట 'నా భార్య చనిపోయింది' అని రాశాను. కారణం మరీ చిన్నదిగా ఉందని, వివరంగా రాయమని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. పై వివరం సరిపోతుందనుకుంటాను.

దొర అనేది మా కుక్క. లైసెన్సు నా భార్య పేరున ఉంది. దాన్ని నా మరదలు పేరు మీదికి మార్చాలి. ఈ నెలాఖరున ఆమె వచ్చి దాన్ని తన ఊరు తీసుకెళ్తుంది. లైసెన్సు ఆమె పేరున లేకపోతే రైల్లో ఎక్కనివ్వరట. నాకు కుక్కలంటే పడదు. దానికీ నేనంటే పడదు. అందరికీ ఇదే మంచిది.

చిక్కేమిటంటే, 'యజమాని స్థితి' దగ్గర 'మరణించారు' ఎంచుకుని, గడులన్నీ నింపి 'పంపు' నొక్కితే, 'ఒక గడి ఖాళీగా ఉంది' అంటోంది. ఖాళీ గడి నాకు కనబడలేదు. దయచేసి అదెక్కడుందో చెప్పగలరు.

ఇట్లు,
దరఖాస్తుదారు

తా.క. భూతద్దం పెట్టి కూడా చూశాను.

---

గౌరవనీయులైన యజమానురాలికి,

మీ కుక్క మరణవార్త తెలిసి మా విభాగం ఎంతో విచారిస్తోంది. మూగజీవే అయినా ఇంట్లో మనిషితో సమానం. మీరు ఫారంతో అవస్థ పడకుండా వివరాలు నేనే ఇక్కడ ఎక్కించాను. దొర లైసెన్సు రద్దయింది. మెడలోని బిళ్ళని తిరిగి పంపించండి.

ఇట్లు,
విభాగం గుమాస్తా

తా.క. ఫారంలో ఖాళీ గడి ఏదీ లేదండీ. కంగారులో సరిగ్గా చూసి ఉండరు.

---

గుమాస్తా గారికి,

కుక్క బతికే ఉంది. ప్రస్తుతం నా ఎడమకాలి చెప్పు తింటోంది. చనిపోయింది నా భార్య. ఈ ఉత్తరాలు రాస్తున్నది నేను, ఆమె భర్తను.

బిళ్ళ పంపలేను. బిళ్ళ లేని కుక్కల్ని మీ బండివాళ్ళు పట్టుకుపోతారు. మా వీధిలోకి ఆ బండి రోజూ వస్తుంది. దొరని వెంటనే బతికించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
దరఖాస్తుదారు

తా.క. మీ సంతాపం దొరకి చదివి వినిపించాను. ఆవులించింది.

---

అయ్యా,

తప్పైపోయిందండీ. మీ మొదటి ఉత్తరం పైపైన చూసి, 'చనిపోయింది', 'కుక్క' అన్న రెండు మాటలు పట్టుకుని పని కానిచ్చేశాను. మొత్తం ఇప్పుడే చదివాను.

నా తప్పుకి తోడు, ఇక్కడ మేం వివరాలు ఎక్కించే స్క్రీనూ అలాంటిదే. మరణించిన తేదీ రాసే గడి కుక్క పేరు కింద మాత్రమే వస్తుంది. యజమానులు చనిపోతారని దానికి తెలియదు.

ఇంకో గొడవ. ఒకసారి చనిపోయిన కుక్కని సిస్టం మళ్ళీ బతకనివ్వదు. కానీ ఉపాయముంది. దాన్నే కొత్త కుక్కగా నమోదు చేద్దాం. చాలా చిన్న ఫారం. కాకపోతే అదే ఇంట్లో చనిపోయిన కుక్క పేరు మళ్ళీ పెడితే ఒప్పుకోదు. 'రాజా' అని పెట్టండి. హోదా కూడా పెరుగుతుంది.

ఇట్లు,
సిగ్గుపడుతున్న గుమాస్తా

తా.క. ఎవరికీ చెప్పకండి, ఈ ఫారం తయారుచేసిన ప్రోగ్రామరు మా ఆయనే. పై అంతస్తులో కూర్చుంటారు. ఆఫీసులో అడిగితే ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అంటారు. ఇంట్లో అడిగితే ఆఫీసు సంగతులు ఇంట్లో వద్దంటారు.

---

గుమాస్తా గారికి,

పేరు మార్చను. అది నా భార్య పెట్టిన పేరు. ఇంటికి తెచ్చిన రోజే నా కుర్చీ ఎక్కి కూర్చుని దిగనందుకు పెట్టింది.

అయినా మీ మాట తీసేయకూడదని, "రాజా" అని పిలిచి చూశాను. నా వెనక ఎవరున్నారా అని చూసింది.

మీ బండి కంట పడకుండా పొద్దున్నే చీకటితో బయలుదేరి, కాలువ గట్టు వెంట చుట్టు తిరిగి వస్తున్నాం. ఇంతకుముందు ఎప్పుడూ నేను దాన్ని నడిపించలేదు. వంతెన దగ్గర ఒక బాతు మీద దానికి ఏదో పాత కక్ష ఉంది. అక్కడ చాలాసేపు నిలబడాల్సి వస్తోంది. అది ఆమెకి తెలిసే ఉంటుంది. నాకెప్పుడూ చెప్పలేదు.

నెలాఖరు దగ్గరపడుతోంది. మరదలు టికెట్టు కొనేసింది. త్వరగా ఏదో ఒకటి చెయ్యండి.

ఇట్లు,
బిళ్ళ చెల్లని కుక్కతో తిరుగుతున్నవాడు

తా.క. మీవారిని భోజనం దగ్గర అడగండి. మా ఇంట్లో పనులు అలాగే అయ్యేవి.

---

బాబాయి గారూ,

నమస్కారం. ఇలా పిలిస్తే ఏమీ అనుకోరుగా?

మీరు చెప్పినట్టే చేశాను. కూర గిన్నె నా దగ్గర పెట్టుకుని, "ముందు ఆ ఖాళీ గడి సంగతి తేల్చండి, తర్వాత వడ్డిస్తా" అన్నాను. కాసేపు గింజుకుని, ఆకలికి ఆగలేక లాప్‌టాప్ తెచ్చుకున్నారు. చూస్తూ చూస్తూ నాలుక కరుచుకున్నారు.

విషయం ఇదీ. ఫారంలో 'యజమాని సమ్మతి' అని ఒక గడి ఉంది. మామూలుగా అది నింపి తీరాలి. 'మరణించారు' అని ఎంచుకోగానే ఆ గడి మాయమైపోతుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ గడిని దాచిన మనిషి, దాన్ని నింపి తీరాలన్న నియమాన్ని తీసేయడం మర్చిపోయారు. గడి కంటికి కనబడదు. నింపలేదన్న గోల మాత్రం ఆగదు.

"పోయినవాళ్ళ దగ్గర సమ్మతి ఎవరు తెస్తారండీ?" అన్నాను.

"ఇన్నాళ్ళూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదే!" అన్నారు.

"పోయినవాళ్ళు చెయ్యరుగా!" అన్నాను.

అక్కడికక్కడే సరిచేశారు. ఇప్పుడు గడితోపాటు నియమం కూడా పోతుంది. దొరని కూడా పాత పేరుతోనే బతికించారు. ఇక మీదే ఆలస్యం. మరదలు గారి పేరు రాసి 'పంపు' నొక్కెయ్యండి.

ఉంటాను,
మీ అమ్మాయిలాంటి గుమాస్తా

తా.క. కూర చల్లారిపోయిందని ఆయన నా మీద ఫిర్యాదు చేశారు. వివరంగా రాసివ్వమన్నాను.

---

అమ్మాయీ,

ఏమీ అనుకోలేదు.

నిన్న ఫారం నింపాను. మరదలు పేరు, ఊరు, అన్నీ రాశాను. గడులన్నీ పచ్చబడ్డాయి. ఇంత బాగా పనిచేస్తుందని నేను అనుకోలేదు. మీవారికి నా అభినందనలు చెప్పు.

'పంపు' మాత్రం నొక్కలేకపోయాను. చాలాసేపు దాని ముందు కూర్చున్నాను. ఫారంలో తప్పేమీ లేదు కాబట్టి, ఈసారి నింద మీవారి మీద వేయడానికి వీల్లేకపోయింది.

చివరికి మరదలికి ఫోన్ చేశాను.

"బావగారూ, బట్టలు సర్దుకుంటున్నా. దొర సామాన్లు కట్టేశారా?" అంది.

"లేదు. వాడు రాడు" అన్నాను.

"అదేంటి, ఒంట్లో బాగాలేదా?"

"వాడికి బాగానే ఉంది. ఇక్కడే ఉంటాడు."

"మీకు కుక్కంటే పడదుగా!"

"పడదు."

"మరి?"

"పొద్దున్నే గుమ్మం దగ్గర నిలబడి నా కోసం చూస్తున్నాడు" అన్నాను.

అటునుంచి ముక్కు చీదిన చప్పుడు. "అక్క వింటే నమ్మదు" అంది. టికెట్టు రద్దు చేసుకోనంది. ఎలాగూ సెలవు పెట్టింది కాబట్టి మమ్మల్నిద్దర్నీ చూసిపోతుందట.

ఆమె పేరు చెరిపి నా పేరు రాశాను. వయసు రాయగానే అంతకుముందు లేని గడి ఒకటి తెరుచుకుంది. కొత్త యజమానికి అరవై దాటితే, కుక్కని రోజూ నడిపించగలడని రుజువు జతచేయాలట. ఇది తప్పు కాదు, న్యాయమైన ప్రశ్న. పైగా ఈ గడి కంటికి కనబడుతోంది.

ఉంటాను,
మీ బాబాయి

తా.క. రుజువు కాగితాలేవీ నా దగ్గర లేవు. కాలువ గట్టు మీదుగా మీ ఆఫీసు చాలా దూరమే. రేపు పొద్దున్న దొరని తీసుకుని అక్కడికి నడిచే వస్తాను.