ఆక్లాండ్ చేరేదాకా ఊడవొద్దు

నానమ్మా,

ఎట్లా ఉన్నావు? అలవాటు కొద్దీ అడుగుతున్నాను. నువ్వు వెళ్ళి నాలుగు నెలలు దాటింది. నాంపల్లి స్టేషన్ అనౌన్స్‌మెంట్లు మన వంటింట్లోకి ఇంకా వినిపిస్తున్నాయి. నీ మంచం మీద ఇప్పుడు నా సూట్‌కేసు ఉంది.

గురువారం నేను ఆక్లాండ్ వెళ్తున్నాను, చదువుకోవడానికి. అత్త వాళ్ళ ఊరే. మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలాయనకు నా డిగ్రీ పుస్తకాలన్నీ ఇచ్చేశాను. వాటిని తూచినంతసేపు కూడా పట్టలేదు వదిలేయడానికి.

పదకొండు వేల కిలోమీటర్ల పైమాటే. ప్రయాణం ఎంతసేపో ఒక్కో సైట్ ఒక్కో రకంగా చెప్తోంది. ఒకటి గాల్లో ఉన్నంతసేపే లెక్క వేస్తుంది. ఇంకోటి సింగపూర్‌లో కూర్చునేది కూడా కలుపుతుంది. నువ్వైతే దేన్ని ఒప్పుకునేదానివి?

నీకు ఒకటే కొలత. మనిషి గడప దాటాక, చేరాల్సిన చోటు చేరేదాకా ఇంట్లో చీపురు కదలకూడదు. నాన్న వరంగల్ వెళ్తే సులువుగా తేలిపోయేది. "బండి కాజీపేట దాటుంటది, జర ఆగి ఊడ్వున్రి" అనేదానివి.

అత్త మొదటిసారి ఆక్లాండ్ వెళ్ళినప్పుడు నాన్న టికెట్ చూసి, దిగే టైమ్‌లోంచి ఎక్కే టైమ్ తీసేశాడు. అక్కడి గడియారం మనకంటే ముందుంటుందని ఆయనకు తట్టనే లేదు. అత్త దిగి, స్నానం చేసి, నిద్ర కూడా పోయింది. ఇక్కడ మనం అటుకుల చుడువా రాలిన నేల మీద చీమల్ని దాటుకుంటూ తిరుగుతున్నాం. నేను నవ్వితే గదిమావు.

"పిల్ల గాలిల ఉండంగ ఇల్లెట్ల ఊడుస్తరే? చీమలు నిన్నేమన్న ఎత్కపోతయా?"

నిన్ను తీసుకెళ్ళిన రోజు మాత్రం... వ్యాను సందు మలుపు తిరగగానే ఇల్లు ఊడ్చి కడిగెయ్యమన్నారు పెద్దవాళ్ళు. పోయినవాళ్ళకు పద్ధతి అదేనట. బకెట్లు అందించింది నేనే. నువ్వు అప్పటికి అబిడ్స్ కూడా దాటి ఉండవు. నీళ్ళు గేటు దాకా పారాయి. నువ్వు చేరావా అని ఎవరూ అడగలేదు. అయినా ఎవర్ని అడుగుతారు? ఆ దూరం ఏ సైట్‌లో ఉంటుంది?

ఇప్పుడు నా వంతు. నవ్విన దాన్ని కదా, నాకోసం ఆగమని అమ్మను ఎట్లా అడగను? దుమ్ము కనిపిస్తే ఆమెకు అన్నం దిగదు. చీపురు దగ్గరే మీ ఇద్దరికీ ఎన్ని గొడవలు... పనికి వచ్చే యాదమ్మ పొద్దున్నే వస్తుంది. నేను ఎయిర్‌పోర్ట్ చేరేలోపే హాలు ఊడవడం అయిపోతుందనుకున్నాను.

నిన్న అమ్మ యాదమ్మను గురువారం, శుక్రవారం రావద్దంది. శుక్రవారం పూట! నా ఎదురుగానే చెప్పింది, నా వైపు చూడకుండా.

రెండు రోజులు మనింట్లో చీపురు మూలనే ఉంటుంది. నా ప్రయాణానికి అంత అక్కర్లేదు. మిగిలింది నువ్వు వాడుకో. తొందరేం లేదు, నిదానంగా చేరు.

దిగగానే నేను అమ్మకు ఫోన్ చేస్తాను.

నీ మనవరాలు