తెరిచిన అంగడి

హేమావతక్కకు,

బాగున్నావని నిన్న కళ్లారా చూశాను కాబట్టి ఆ మాట అడగడం లేదు.

ఎండాకాలంలో బోరు ఎండి మనిద్దరి అంగడిలో మొక్కలు వాడిపోతుంటే నువ్వే అన్నావు: "జనం తాగే నీళ్లకే అల్లాడతాండారు పాపా, మొక్కలు యాడ కొంటారు? అంగడి మూసేద్దాం." ఏడ్చి ఏడ్చి సరేనన్నాను. మిగిలిన మొక్కలు వీధిలో వాళ్లకు పంచాను. మొక్కలతో పాటు అమ్మే అద్దాలు, ఇత్తడి దీపాలు నీ ఇంట్లో దాస్తానంటే నమ్మి, నేనే సర్ది పంపాను.

నిన్న ఒంటిమిట్ట నుంచి కడపకు తిరిగొస్తూ బస్సులోంచి చూస్తే మన అంగడి తెరిచి ఉంది. బోర్డు మీద నీ పేరు, నీ మరిది పేరు. దిగి లోపలికి వచ్చాను. నేను సర్దిన అద్దాలే గోడకు వేలాడుతున్నాయి. నువ్వు నన్ను చూసి, "ఏం కావాల?" అన్నావు, కొనడానికి వచ్చినదాన్ని అడిగినట్టు. కూర్చోమంటావేమోనని కాసేపు నిలబడి వచ్చేశాను.

నేను బేతంచెర్లకు వెళ్లిపోయానని మన పాత గిరాకీలకు చెప్తున్నావట. పక్కింటి సిద్దమ్మ చెప్పింది.

రేపటి నుంచి మా ఇంటి అరుగు మీద తులసి, మల్లె, కలబంద పెట్టి అమ్ముతాను. ఎవరైనా అడిగితే నేను ఊళ్లోనే ఉన్నానని చెప్పు.

కింద నీ చెల్లెలినని రాయబోయాను. చెయ్యి రాలేదు.