కట్టు కట్టిన కుడిచెయ్యి

ఇదిల్‌కు మీ నాన్న సలాం, దీవెన. అల్లా దయవల్ల ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. ఆల్బోర్గ్‌లో నువ్వూ క్షేమమని తలుస్తాను. పద్నాలుగు నెలల తర్వాత రాస్తున్నానని నా కోపం తగ్గిందనుకోకు. తగ్గలేదు. నీ పౌరసత్వ సభ రోజు మన ఊరి హాల్లో, అందరి ముందు, అప్పటి మేయరు, ఆ పరాయి మగవాడి చెయ్యి నువ్వు పట్టుకున్నది ఇంకా కళ్ళముందే ఉంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలి నొప్పి నెమ్మదించింది. నేను రెండు వారాలుగా బస్సు తోలడానికి వెళ్ళడం లేదు. నా చేతిలో ఏ ఎముక విరిగింది, ఎక్స్‌రేలో ఏముంది, కట్టు ఎవరు కట్టారు అని అడిగావు. నర్సువి కదా, నీకు ఆరాలెక్కువ. ఆ సంగతి తర్వాత.

ముందు నా పౌరసత్వ సభ గురించి విను. ఇరవై రెండేళ్ళు ఈ డెన్మార్క్ మంచులో బస్సు తోలాను, వాళ్ళ పరీక్ష పాసయ్యాను. చివరికి మిగిలింది మేయరుతో చెయ్యి కలపడం. చేతికి తొడుగు కూడా ఉండకూడదట. కొత్త మేయరు ఆడమనిషి. పరాయి స్త్రీని తాకను, గుండెమీద చెయ్యి పెట్టుకుని తల వంచుతాను అని ముందే రాశాను. చట్టం అందరికీ ఒకటే అని జవాబొచ్చింది. వీళ్ళకు తెలిసిన మర్యాద ఒక్కటే, మిగతాదంతా మొరటుతనం.

అందుకని కుడిచేతికి కట్టుతో వెళ్ళాను. నా పేరు పిలిచారు. ఆవిడ కట్టు చూసి, "అయ్యో, పర్లేదు, ఎడమ చెయ్యి ఇవ్వండి చాలు" అంది. ఎడమ చెయ్యి! మనం శత్రువుకైనా చాపుతామా? కదలకుండా నిలబడ్డాను. వెనక వరసలో ఒక ముసలాయన హాలంతా వినబడేలా, "చెయ్యి ఇవ్వనోడికి దేశం ఎందుకంట?" అన్నాడు. కొందరు నవ్వారు. నయమయ్యాక సెప్టెంబరు సభకు రమ్మని మేయరు నా కాగితం మళ్ళీ ఫైల్లో పెట్టేసింది.

ఇక నీ ప్రశ్న. ఏ ఎముకా విరగలేదు. ఎక్స్‌రే లేదు, డాక్టరు లేడు. వంటింట్లో మీ అమ్మచేత కట్టించుకున్నాను. కట్టినంతసేపూ ఆమె ఒక్కమాటే అంది: "పిల్ల చెయ్యిస్తే సిగ్గులేనిదన్నావు. మరి దీన్నేమంటావు?" మేయరు ఆఫీసు గుమాస్తా రోజూ నా బస్సే ఎక్కుతుంది, అందుకే ఇంట్లో దాక్కున్నాను. నమాజుకు ముందు వజూకి చేతులు కడగాలని కట్టు విప్పుతాను, నమాజు కాగానే మళ్ళీ చుట్టుకుంటాను. అల్లా ముందు విప్పిన చెయ్యి ఊరికి దాస్తున్నాను. సిగ్గుగా ఉంది ఇదిల్.

నిన్న విప్పి పారేశాను. సెప్టెంబరులో కట్టులేని చేతితో వెళ్తాను. ఆవిడకు చెయ్యి ఇవ్వను. ఇవ్వనని మొహంమీదే చెబుతాను, పౌరసత్వం పోతే పోనీ. నువ్వు చేసింది తప్పేనని ఇప్పటికీ అంటాను. కానీ నువ్వు దాచి చెయ్యలేదు.

నీ వంతు వచ్చిన రోజు నేను హాల్లోంచి లేచి వెళ్ళిపోయాను. నా వంతు రోజు నువ్వు రా. కూర్చుంటావో, నాలాగే లేచి వెళ్తావో నీ ఇష్టం.

ఇట్లు,
ఇంకా కోపంగానే ఉన్న మీ నాన్న,
వర్సమే